ప్రూనింగ్: మాట ఎక్కడిది, కత్తెర ఎక్కడ పెట్టాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, జనగామ, జగిత్యాల వైపు మామిడి కోతలు అయిపోయి తొలకరి పడే వేళకు తోటల్లో వినిపించే మాట ప్రూనింగ్. ఉద్యానాధికారి నోట అది ప్రూనింగ్, కరపత్రంలో కొమ్మ కత్తిరింపు, పనికి వచ్చినాయన నోట మండలు కొట్టుడు. ముగ్గురూ ఒకే పని గురించి మాట్లాడుతున్నామనే అనుకుంటారు. చెట్టు పాడయ్యేది అక్కడే. అందుకే మాట సంగతీ, చెట్టు సంగతీ ఇక్కడ కలిపే చెప్పాం.

ప్రూన్ అనే క్రియకు సరైన తెలుగు మాట ఏది?

అచ్చంగా అతికే ఒక్క మాట లేదు. ‘నరుకు’ అంటే చెట్టే పోతుంది. ‘కోయు’ పంటకూ కాయకూ కూరగాయకూ చెల్లుతుంది. ‘తుంచు’, ‘గిల్లు’ గోటితో అయ్యే పనులు. ‘కత్తిరించు’ దగ్గరగా ఉంది గానీ గుడ్డకూ కాగితానికీ కూడా అదే మాట. ప్రూన్‌లో రెండు సంగతులు ఇమిడి ఉన్నాయి: అక్కర్లేనిది తీయడం, మిగిలింది బాగుపడాలని తీయడం. రెండోది లేకుండా చేసే పనిని ఏమన్నా అనండి, ప్రూనింగ్ అని మాత్రం అనకండి.

రాతలో ‘కొమ్మ కత్తిరింపు’ స్థిరపడింది కాబట్టి అదే వాడొచ్చు. తోటలో చెప్పేటప్పుడు ‘కొమ్మలు సవరించు’ అంటే పని ఇంకా బాగా తలకెక్కుతుంది. జుట్టు సవరించుకోవడం, దీపం వత్తి సవరించడం మనకు అలవాటైన మాటలే.

ఇంతకీ ప్రూన్ ఎక్కడి నుంచి వచ్చింది?

ఫ్రాన్స్ ద్రాక్షతోటల నుంచి. పాత ఫ్రెంచిలో ‘ప్రొయిన్యే’ అంటే ద్రాక్ష తీగను వెనక్కి కత్తిరించడం. అది 15వ శతాబ్దం మొదట్లో ‘ప్రొయిన్’ వంటి రూపాల్లో ఇంగ్లిష్‌లో చెట్ల కొమ్మలకు వాడుకలోకి వచ్చి, తర్వాత ప్రూన్‌గా స్థిరపడింది. అంతకు కొంచెం ముందే, 14వ శతాబ్దం చివర్లో, పక్షి ముక్కుతో ఈకలు దువ్వుకోవడానికి ఇదే రూపం కనిపిస్తుంది. పక్షుల విషయంలో ఇప్పుడు వాడే ప్రీన్ అనే మాట దీనితో పెనవేసుకుని పెరిగిందే.

ఫ్రెంచి మాటకు వెనక ఏముందన్నది పండితులు ఇంకా తేల్చలేదు. ఎక్కువగా చెప్పే ఊహ ప్రకారం, లాటిన్‌లో గుండ్రం అని చెప్పే ‘రొటుందుస్’కు ‘ప్రో’ చేరి ‘ముందు భాగాన్ని గుండ్రంగా కోయడం’ అన్న అర్థంలో ఒక వాడుక పుట్టి ఉంటుంది. ఇంగ్లిష్ రౌండ్ కూడా ఆ రొటుందుస్ సంతానమే.

ద్రాక్షతోటలో పుట్టిన మాట కావడం వల్ల మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ద్రాక్షను ఏటా కత్తిరించకపోతే తీగ పాకుతుంది గానీ గుత్తి రాదు. మన దగ్గర ద్రాక్ష పెట్టినవాళ్లు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ ప్రాంతంలో తీగ కోసం, అక్టోబరులో కాయ కోసం కత్తిరిస్తారు. కోతకూ కాపుకూ ఉన్న ఈ లంకె ఆ మాటకు పుట్టుకతో వచ్చింది.

కిరాణా కొట్లో అమ్మే ప్రూన్స్‌కూ దీనికీ సంబంధం ఉందా?

లేదు. ఆ ఎండు పండు పేరు లాటిన్ ‘ప్రూనుమ్’ నుంచి, అది గ్రీకు నుంచి వచ్చింది. ప్లమ్ కూడా ఆ ఇంటిదే. స్పెల్లింగు కలిసింది, అంతే.

ట్రిమ్‌కూ ప్రూన్‌కూ తేడా ఏమిటి? రెండూ కత్తిరించడమేగా?

ట్రిమ్ కథ తమాషాగా ఉంటుంది. పాత ఇంగ్లిష్‌లో ‘ట్రుమ్’ అంటే బలమైన, గట్టి. దాని నుంచి వచ్చిన క్రియకు అర్థం బలపరచు, వరుసలో పెట్టు. కత్తిరించడం అనే అర్థం 16వ శతాబ్దంలో గానీ రాలేదు. అందుకే ఇప్పటికీ ఆ మాటలో రెండు ఎదురుబొదురు అర్థాలున్నాయి. గడ్డం ట్రిమ్ చేస్తే వెంట్రుక పోతుంది, క్రిస్మస్ చెట్టును ట్రిమ్ చేస్తే నగలూ దీపాలూ వచ్చి చేరతాయి. ఓడ తెరచాపలను గాలికి సరిపడా అమర్చడమూ ట్రిమ్మే.

పనిలో తేడా ఇది. ట్రిమ్ పైపైన జరుగుతుంది: గోరింట కంచె, ఇంటి ముందు మొక్కలు, గడ్డి, గడ్డం. ఆకారం కుదిరితే చాలు, ఏ ఇగురు (చిగురు) ఎక్కడుందో చూడక్కర్లేదు. ప్రూన్‌లో ఒక్కో కొమ్మనూ విడిగా చూసి, ఇది ఉండాలా పోవాలా అని తేల్చుకోవాలి. మామిడి చెట్టును గోరింట కంచెలా చుట్టూ గుండ్రంగా ట్రిమ్ చేసి ప్రూనింగ్ అయిందనుకుంటే, పైన దట్టమైన గొడుగు కట్టుకుని లోపల చీకటి పడుతుంది. కాపు గొడుగు అంచులకే మిగులుతుంది.

లాప్, క్రాప్, పేర్, క్లిప్, పొలార్డ్, కాపిస్ – ఇన్ని మాటలు ఎందుకు?

ఒక్కోటి ఒక్కో పని. చాలావాటికి మన ఊళ్లలోనే జోడీ ఉంది.

పేర్ అంటే పల్చగా చెక్కడం. లాటిన్ ‘పరారే’, అంటే సిద్ధం చేయు, నుంచి వచ్చింది. మనం రోజూ అనే రిపేరు, సపరేటు కూడా ఆ మూలానివే. దీనికి తెలుగులో ఉన్నంత మంచి మాట ఇంగ్లిష్‌లో కూడా లేదు: గీయు. తాడిచెట్టు మీద గౌడన్న మోకు, ముత్తాదు సరిచూసుకుని, గెల కొసను కత్తితో కాగితమంత పల్చగా ఒక పొర తీస్తాడు. మందంగా తీస్తే గెల తొందరగా అయిపోతుంది. తీయకుండా వదిలేస్తే గాయం ఎండి కల్లు ఆగిపోతుంది. గాయాన్ని ఏ పూటకు ఆ పూట పచ్చిగా ఉంచాలి, గెలను నెలల తరబడి నిలపాలి. పేర్ అన్న క్రియకు ఇంతకంటే తేట ఉదాహరణ దొరకదు.

కాపిస్ అంటే నేలమట్టంగా కొట్టి, మోడు నుంచి కొత్త పిలకలు రప్పించడం. ములుగు, భూపాలపల్లి అడవుల్లో తునికాకు కోసం చేసేది అదే. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదలను నేలకు సమంగా కొడతారు. నెలన్నర అయ్యేసరికి వేరు నుంచి లేచిన పిలకలకు వెడల్పాటి లేత ఆకు వస్తుంది. బీడీకి చుట్టడానికి పనికొచ్చేది ఆ ఆకే. ముదురు కొమ్మ మీది ఆకు బిరుసుగా ఉండి చిట్లుతుంది. ఏప్రిల్, మేలో కోసి 50 ఆకులకు ఒక కట్ట కడతారు. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డు బ్యాగు. అటవీ శాఖ కాగితాల్లో ఈ పనికి ప్రూనింగ్ అనే రాస్తారు గానీ ఖచ్చితంగా చెప్పాలంటే ఇది కాపిసింగ్.

ఆ మాట పుట్టుక కూడా చూడండి. ఫ్రెంచిలో ‘కూ’ అంటే దెబ్బ. దాని నుంచి ‘కూపే’, అంటే కోయు. కాపిస్ ఆ వంశంలోదే. మనమూ దెబ్బ వేయడాన్ని కొట్టు అంటాం, కట్టెలు నరకడాన్నీ కొట్టు అంటాం. ఎక్కడో ఉన్న రెండు భాషలు ఒకే దారిన నడిచాయి.

పొలార్డ్ అంటే మనిషి ఎత్తుకు పైన చెట్టు తల తీసేసి బోడ చేయడం. ‘పోల్’ అంటే తల. తలలు లెక్కబెట్టడమే ఓటింగు కాబట్టి ఎన్నికల పోలింగు కూడా ఆ తలే. కరెంటు తీగల కింద బోడగా నిలబడే వేప చెట్లు పొలార్డ్ అయినవే.

క్రాప్ అంటే మొదట మొక్క తల భాగం. ఆ తలను కోయడం క్రియ అయింది, కోసి తెచ్చుకునేది పంట అయింది. మగపిల్లల క్రాపు కూడా ఇదే మాట. లాప్ అంటే పక్క కొమ్మలను పెద్దగా ఆలోచించకుండా తెగ్గొట్టడం. మేకలకు దోటితో మండలు దింపడం లాపింగే. క్లిప్ పాత స్కాండినేవియా వాళ్ల నార్స్ భాష నుంచి వచ్చింది. జుట్టుకు పెట్టుకునే క్లిప్ వేరే మాట, దాని మూలార్థం కౌగిలించుకోవడం.

కత్తెర అనే మాటకూ ఇంగ్లిష్ షియర్‌కూ చుట్టరికం ఉందంటారు, నిజమేనా?

దూరపు చుట్టరికం ఉంది. మన కత్తెర సంస్కృతం ‘కర్తరి’ నుంచి ప్రాకృతం మీదుగా వచ్చింది. కర్తరికి మూలమైన ‘కృత్’ ధాతువునూ, ఇంగ్లిష్ షియర్‌నూ భాషా చరిత్రకారులు కోయడం అనే అర్థమున్న ఒకే పాత ఇండో యూరోపియన్ ధాతువు కిందికి తెస్తారు. షార్ట్, షర్ట్, స్కర్ట్ కూడా అక్కడివే. అన్నీ ఏదో ఒకచోట తెగినవి. క్షవరం చేసే క్షురానికి మాత్రం గ్రీకులో తోబుట్టువు ఉంది: ‘క్సురాన్’, మంగలి కత్తి.

కంప్యూటర్ కోర్సుల్లో కూడా ప్రూనింగ్ వస్తోంది, అదేమిటి?

అదే మాటను అరువు తెచ్చుకున్నారు. డెసిషన్ ట్రీలో (ప్రశ్న మీద ప్రశ్నగా శాఖలు చీలుతూ పోయే లెక్కలో) పనికిరాని శాఖలను తీసేయడం, న్యూరల్ నెట్‌వర్కులో ప్రభావం లేని లంకెలను తెంచడం. చిన్నపిల్లల మెదడులో వాడకంలో లేని నాడీ సంధులు తగ్గిపోవడాన్నీ ప్రూనింగ్ అనే అంటారు.

కొస కత్తిరిస్తే పక్క నుంచి ఇగుర్లు ఎందుకు వస్తాయి?

కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కిందికి పంపుతుంటుంది. అది కిందికి దిగుతున్నంతసేపు పక్క మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. 1928లో డచ్చి శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్స్ మొలకల కొసల నుంచి ఈ పదార్థాన్ని అగర్ అనే జెల్లీ ముక్కల్లోకి దింపి చూపించాడు. పక్క మొగ్గలను అణిచేది ఇదేనని 1930లలో తిమాన్, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. కొస తీసేస్తే అణిచేవాడు పోతాడు. అప్పటిదాకా కొస లాక్కున్న చక్కెరలు కూడా పక్క మొగ్గలకు అందుతాయి.

కల్యామాకు (కరివేపాకు) చెట్టు మీద దీన్ని కళ్లారా చూడొచ్చు. ఒంటి కర్రలా పైకి పోతున్న మొక్క తల తుంచండి. కోతకు దిగువన ఆకు కాడ పుట్టేచోట సూదిమొనంత పచ్చ చుక్క మొదట ఉబ్బుతుంది, కొన్ని రోజులకు రెండుగా చీలి ఆకవుతుంది. కోతకు దగ్గరున్న రెండు మూడు మొగ్గలే ముందు లేస్తాయి. ఎక్కడ కోస్తే ఆ కిందే గుబురు వస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. గుబురు ఎక్కడ కావాలో ముందు చూసుకుని కత్తెర పెట్టాలి.

మామిడిలో ఎప్పుడు చేయాలి? కర్తరిలో చెట్టు ముట్టొద్దంటారు కదా?

కాయ కోత అయిన వెంటనే, జూన్ నుంచి జూలై చివరిలోపు. ఆలస్యమైనా ఆగస్టు దాటనివ్వకండి.

కారణం ఇది. మామిడి పూత డిసెంబరు, జనవరిలో ముదిరిన రెమ్మ కొసన వస్తుంది. ఇగురు లేచి, ఆకు ముదిరి, రెమ్మ పూతకు సిద్ధం కావడానికి నాలుగైదు నెలలు కావాలి. జూన్‌లో కోస్తే ఆ గడువు ఉంటుంది. అక్టోబరులో కోస్తే డిసెంబరుకు రెమ్మ లేతగానే ఉండి పూతకు బదులు మళ్లీ ఆకే పెడుతుంది. ‘ప్రూనింగ్ చేయించాం, ఈసారి కాపే లేదు’ అనేవాళ్లను ముందు ఏ నెలలో చేయించారో అడగాలి.

కర్తరి సంగతి. మే మొదటి వారం నుంచి నెలాఖరు దాకా పంచాంగంలో కర్తరి ఉంటుంది. చెట్లు కొట్టడం, బావి తవ్వడం, ఇల్లు మొదలుపెట్టడం వద్దంటారు. ఆ మాటకు అర్థమే కత్తెర. నమ్మకం ఎవరిష్టం వాళ్లది గానీ, చెట్టు విషయంలో ఆ లెక్క తప్పేమీ కాదు. మన దగ్గర అప్పుడు ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. కొమ్మల గొడుగును పల్చన చేస్తే అప్పటిదాకా నీడలో ఉన్న బెరడు నేరుగా ఎండకు కాలి పగులుతుంది, పగుళ్లలో పురుగు చేరుతుంది. పైగా అప్పటికి కాయ చెట్టు మీదే ఉంటుంది.

ఏ కొమ్మలు తీయాలి? వరుస ఏమిటి?

మొదట ఎండినవి, తెగులు పట్టినవి, గూడు పురుగు అల్లిన రెమ్మలు. వీటికి అనుమానం అక్కర్లేదు. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునేవాటిలో బలహీనమైనది. తర్వాత లోపలికి తిరిగినవి, నేలకు వాలినవి. ఇది అయ్యాక చెట్టు కింద నిలబడి పైకి చూడండి. ఆకాశం అక్కడక్కడా కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ఏమీ కనిపించకపోతే నడిమధ్యన నిటారుగా పోతున్న కొమ్మల్లో ఒకటి, మహా అయితే రెండు, మొదట్లోకి తీయాలి. ఎండ లోపలికి దిగితే కాయ రంగు వస్తుంది, బూడిద తెగులూ తేనెమంచు పురుగూ తగ్గుతాయి. మందు కొట్టినా లోపలికి అందుతుంది.

ఆఖర్న కొసల పని: పోయినసారి పూత కాడలు ఎండి వేలాడుతుంటాయి, వాటితోపాటు 10 నుంచి 15 సెంటీమీటర్ల రెమ్మ తీసేయాలి. వందల కొసలు కాబట్టి అందరూ ఎగ్గొట్టేది దీన్నే. కాపు తేడా ఎక్కువగా కనిపించేదీ దీంట్లోనే.

ఒక్క ఏడాదిలో పచ్చదనం పావు వంతుకు మించి తీయొద్దు. ఇంకా తీయాల్సి ఉంటే వచ్చే ఏటికి ఉంచండి. అంటు కింది భాగం నుంచి లేచే పిలకలను మాత్రం కనిపించినప్పుడల్లా, ఏ నెలైనా తీసేయాలి. అవి నాటు చెట్టువి, వదిలితే పైనున్న బంగినపల్లినో దసేరినో మింగేస్తాయి.

లావు కొమ్మను చీలిపోకుండా ఎలా కోయాలి?

మూడు కోతల్లో. పైనుంచి ఒకే కోత పెడితే సగం తెగగానే కొమ్మ బరువుకు ఒరిగి, కింది బెరడును మాను మీది నుంచి మూరెడు పొడవున చీల్చుకుంటూ పోతుంది.

మొదటి కోత: మానుకు ఒక అడుగు దూరంలో, కొమ్మ అడుగు వైపు నుంచి పైకి, మందంలో మూడో వంతు దాకా. రెండో కోత: అక్కడి నుంచి ఇంకో రెండు అంగుళాలు బయటికి, పైనుంచి కిందికి. కొమ్మ తెగి పడుతుంది, చీలిక వచ్చినా మొదటి కోత దగ్గర ఆగుతుంది. మూడో కోత: మిగిలిన మొండిని తీయడానికి.

మూడోదే ముఖ్యం. కొమ్మ మానులో కలిసేచోట ముడతలు పడ్డ ఉబ్బు ఒకటి ఉంటుంది, గాజులు తొడిగిన ముంజేతిలా. గాయాన్ని మూసే కణజాలం అందులోనే ఉంది. ఉబ్బు చెట్టుకు ఉంచి, దాని అంచుకు ఆనించి కోయాలి. నున్నగా ఉంటుందని మానుకు సమంగా కోస్తే ఉబ్బు పోతుంది, గాయం రెండింతలవుతుంది. అడుగు మొండి వదిలితే అది ఎండి, కుళ్లి, కుళ్లు మానులోకి దిగుతుంది. అమెరికా అటవీ సేవలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి ఈ సంగతి తేల్చాడు. చెట్టు గాయం మన చర్మంలా మానదు. చెడిన భాగం చుట్టూ గోడ కట్టుకుని పక్కనుంచి పెరుగుతుంది. ఆ గోడ ఈ ఉబ్బు దగ్గరే గట్టిగా ఉంటుంది.

కోత మీద ఏం పూయాలి? పేడ చాలదా?

బొటనవేలి కంటే సన్నని కోతలకు ఏమీ అక్కర్లేదు. అంతకంటే లావైతే బోర్డో పేస్టు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో పొడి సున్నం, 10 లీటర్ల నీళ్లు. ఇంట్లో రెండు చెట్లకైతే వంద గ్రాములు, వంద గ్రాములు, లీటరు నీళ్లు.

సగం నీళ్లలో తుత్తాన్ని, మిగతా సగంలో సున్నాన్ని వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కలపాలి. ఇనుప బకెట్ వద్దు, తుత్తం ఇనుమును తినేస్తుంది. తుత్తం కరగడానికి ముందురోజు రాత్రే గుడ్డలో మూటగట్టి నీళ్లలో వేలాడదీస్తే మేలు. సున్నాన్ని వడగట్టి, రెండింటినీ కలుపుతూ మూడో బకెట్లోకి పోయాలి. తర్వాత తళతళలాడే చాకు ఒక నిమిషం ముంచి చూడండి. రాగి రంగు పొర పడితే తుత్తం ఎక్కువైనట్టు, బెరడు మాడుతుంది. పొర పడడం ఆగేదాకా సున్నం నీళ్లు చేర్చాలి. కలిపిన రోజే వాడేయాలి.

ఇదీ ఫ్రెంచి ద్రాక్షతోటల సరుకే. బోర్డో దగ్గర దారి పక్క ద్రాక్షను దొంగల పాలు కాకుండా తుత్తం, సున్నం చల్లేవారు. ఆ తీగలకు మాత్రం బూజు తెగులు రాలేదని 1882లో వృక్షశాస్త్రవేత్త మిలార్డే గమనించి, పరిశోధించి 1885లో ప్రకటించాడు.

పేడ పూస్తే చెడేమీ లేదు గానీ శిలీంధ్రాన్ని ఆపదు. పేస్టు కూడా తప్పు కోతను సరిచేయదు. ఎండకు తేలిన మానుకు మాత్రం సున్నం కొట్టించండి, ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ.

ఏ పనిముట్లు కావాలి?

వేలి మందం దాకా సెకేటర్ కత్తెర. రెండు అలుగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారేది తీసుకోండి, దిమ్మె మీద కత్తి పడే రకం పచ్చి రెమ్మను నలిపేస్తుంది. కోసేటప్పుడు పదునైన కత్తి చెట్టు మీద మిగిలే భాగం వైపు, కొక్కెం పడిపోయే ముక్క వైపు ఉండాలి. తిప్పి పట్టుకుంటే మిగిలిన రెమ్మ నలుగుతుంది. మొగ్గకు పావు అంగుళం పైన, నీళ్లు జారేలా కొంచెం ఏటవాలుగా కోయాలి. అంగుళంన్నర దాకా పొడుగు పిడుల లాపర్, ఆపైన రంపం. గొడ్డలి ఇంటి దగ్గరే ఉండనివ్వండి.

తెగులున్న చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయే ముందు అలుగును స్పిరిట్ గుడ్డతో తుడవాలి. బ్లీచింగు నీళ్లూ పనికొస్తాయి గానీ తుప్పు తెస్తాయి. మామిడి సొన చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే ఇంకా ప్రమాదం. నిండు చేతుల చొక్కా, కళ్లజోడు మరవొద్దు.

జామ, మునగ, మల్లె కూడా ఇలాగేనా?

లెక్క వేరు. జామ పూత కొత్తగా లేచిన రెమ్మ మీదే వస్తుంది. కాబట్టి కోత అంటే పూతకు పిలుపు. మేలో రెమ్మలను సగానికి కత్తిరిస్తే వానాకాలపు చప్ప కాయ తగ్గి చలికాలపు తీపి కాయ పెరుగుతుంది. ఎండల్లో చేసే పని కాబట్టి నీటి వసతి ఉంటేనే పెట్టుకోవాలి.

ఏడాది మునగను రెండున్నర అడుగుల ఎత్తులో తల తుంచాలి. కాపు అయ్యాక నేల నుంచి మూడడుగుల దగ్గర కోస్తే మళ్లీ కాస్తుంది. మల్లెను నవంబరు చివరి నుంచి జనవరిలోపు, నీళ్లు ఆపి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించాలి.

నలభై ఏళ్ల మామిడి తోట కాపు తగ్గింది. మొత్తం కొట్టించి మళ్లీ చిగురింపజేయొచ్చా?

చేయొచ్చు గానీ అది వేరే పెద్ద పని. లక్నోలోని కేంద్ర ఉప ఉష్ణమండల ఉద్యాన సంస్థ డిసెంబరు, జనవరిలో పెద్ద కొమ్మలను వెనక్కి కోసి, లేచే ఇగుర్లలో కొమ్మకు కొన్నింటినే ఉంచే పద్ధతిని ప్రచారం చేసింది. రెండు మూడేళ్లు కాపు ఉండదని ముందే ఒప్పుకోవాలి. ఇక్కడ దెబ్బతీసేది మాను తొలిచే పురుగు. పెద్ద గాయాల వాసనకు వచ్చి గుడ్లు పెడుతుంది. రంధ్రం దగ్గర రంపపు పొట్టు రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. మన ఎండలకు ఒకేసారి మొత్తం బోడ చేయకుండా ఏటా మూడో వంతు కొమ్మలు తీసుకుంటూ పోవడం క్షేమం.

పనికి వచ్చినాయనకు ఎట్లా చెప్పాలి?

‘ప్రూనింగ్ చెయ్యి’ అనకండి. పనికి ముందు సున్నం తీసుకుని, పోవాల్సిన కొమ్మల మీద మీరే గీత పెట్టండి. తర్వాత ఇలా చెప్పండి: ‘అన్నా, గీత ఉన్నయే తియ్యి. మొదట్ల ఉబ్బు ఉంటది సూడు, దాన్ని ముట్టకు. కింద ముందుగాల్ల ఒక కోత పెట్టి, అటెంక పైకెల్లి కొయ్యి. గీత లేని మండ జోలికి పోకు.’ కూలి చెట్టుకు ఇంత అని కాకుండా రోజుకు ఇంత అని మాట్లాడుకోండి. చెట్టు లెక్కన అయితే తొందర, తొందరైతే గొడ్డలి. కట్టె ఆయనకే ఇస్తామని ముందే ఒప్పుకుంటే లావు కొమ్మల మీద చూపు పడుతుంది, ఆ సంగతి పని అయ్యాక మాట్లాడండి.

కోసిన చోట గుత్తులుగా ఇగుర్లు లేచాయి. వదిలేయాలా?

వద్దు. ఒక్కో కోత దగ్గర ఏడెనిమిది లేస్తాయి. జానెడు పెరిగాక బయటివైపు తిరిగినవి రెండు మూడు ఉంచి మిగతావి చేత్తో విరిచేయండి. వదిలితే మూడేళ్లలో మునుపటికంటే దట్టమవుతుంది. లేత ఇగురు మీదికి తామర పురుగులూ ఆకు తినే పురుగులూ ముందుగా వస్తాయి కాబట్టి ఆ నెలలో వారానికోసారి తోట చుట్టి రావాలి.

కొమ్మలు తీయడానికి అనుమతి కావాలా?

సొంత తోటలో పండ్ల చెట్ల కొమ్మలు సవరించుకోవడం మామూలు సేద్యపు పని. చెట్టును మొదలంటా నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం అడ్డొస్తుంది, ముందు అధికారులను అడిగి కాగితం తీసుకోవాలి. కొమ్మ కరెంటు తీగకు తగులుతుంటే దోటి ఎత్తకండి, లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది.